ఆర్డర్ ఎవలికి పోవాలె? ఆ లెక్క ఎవలది?

పది నిమిషాల బోర్డు దించిండ్రు. 2025 డిసెంబర్ 25న ఒకపారి, మళ్ల 31న ఒకపారి డెలివరీ కార్మికులు దేశమంత సమ్మెకు దిగిండ్రు. పిలుపిచ్చినోళ్లల్ల మన తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ ముందుంది. జనవరిల కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవీయ కంపెనీలతోని మాట్లాడినంక బ్లింకిట్ తన ప్రచారంల కెల్లి పది నిమిషాల మాట తీసేసింది. మంచిదే. గని బోర్డు మీది మాట పోయినంత మాత్రాన బోర్డు ఎనక నడిచే లెక్క పోలే. ఆర్డర్ వడ్డ సెకండుకు అది నీ ఫోన్ల మోగాల్నా, నీ పక్కపొంటి నిలవడ్డోని ఫోన్ల మోగాల్నా అని తేల్చే లెక్క అది. కూలి ఎంత పడ్తది, పెట్రోలు ఎంత కాలుతది, ఇంటికి ఎన్ని గంటలకు చేరుతం, మూడు గూడ ఆడనే తేలుతయి. టీవీలల్ల చర్చ నిమిషాల కాడనే ఆగిపోయింది, ఈ లెక్క దాక రాలే.

నేను కంప్యూటర్ సదువుకున్నోణ్ణి కాదు. పాతబస్తి అడ్డాల కాడ, ఆటో స్టాండ్ల కాడ తిరిగి నేర్చుకున్నదే నా సదువు. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దిక్కు బండి నడిపేటోళ్లు దక్కనీల అడిగినా, తెలుగుల అడిగినా ప్రశ్న ఒక్కటే. "ఇద్దరం ఒక్క దగ్గరనే నిలవడ్డం. వానికి మూడు గిరాకీలు వడ్డయి, నాకు ఒక్కటి వడలే. ఎందుకన్నా?" దీనికి జవాబు ఎతుకుదమని తెలిసిన పిల్లలను వట్టుకొని, గణితమోళ్లు రాసిన పేపర్లు ముందలేసుకొని కూసున్న. సూస్తే ఆడ ఉన్నది మనకు ఎరికైన ముచ్చటనే. అడ్డా మీది లెక్క.

పొద్దుగాల ఆరున్నరకు లేబర్ అడ్డాను యాది తెచ్చుకోండ్రి. ముప్పై మంది నిలవడి ఉంటరు. ఒకలు ఇటుక పని మాత్రమే జేస్తరు. ఒకలకు ప్లాస్టరింగ్ వస్తది. ఒకలకు మోసుడు తప్ప ఏం రాదు. ఇంకొకలకు అన్ని పనులు వస్తయి. మేస్త్రీలు ఒకలెనక ఒకలు వస్తరు. మొదలొచ్చినాయన "మోసే మనిషి గావాలె" అంటడు. అన్ని పనులొచ్చినోన్ని పంపాల్నా, మోసుడు ఒక్కటే వచ్చినోన్ని పంపాల్నా? తర్వాత ఎవలొస్తరో, ఏం అడుగుతరో తెల్వది. పంపినంక ఎనకకు పిలుసుడు ఉండది. గణితంల దీన్ని ఆన్‌లైన్ మ్యాచింగ్ అంటరు. ఈడ ఆన్‌లైన్ అంటే ఇంటర్నెట్ అని కాదు. ముందల ఏమున్నదో తెల్వకుండ, వచ్చినదాన్ని వచ్చినట్టే అప్పజెప్పాలె, మళ్ల మార్చరాదు, గది దాని అర్థం.

చార్మినార్ కాడికి తీస్కపోదాం ఈ ముచ్చటను. ఇద్దరు ఆటోవాళ్లు నిలవడ్డరు. ఒకాయన బండ్ల గ్యాస్ నిండుగుంది, గచ్చిబౌలి దాక గూడ పోతడు. ఇంకొకాయన గ్యాస్ అడుగంటింది, చుట్టుపక్కల గల్లీలు తప్ప పోలేడు. మొదటి ఆర్డర్ వడ్డది, శాలిబండ కెల్లి మొగల్‌పురకు. ఇద్దరు పోగలరు. గ్యాస్ నిండుగున్నాయన పది అడుగులు దగ్గరున్నడు కాబట్టి యాప్ ఆయనకు ఇచ్చింది. రెండు నిమిషాలకు గచ్చిబౌలి ఆర్డర్ వడ్డది. దానికి పోయే మనిషి లేడు. ఉన్నాయన పోలేడు. రెండు కిరాయిలు నడవాల్సిన కాడ ఒక్కటే నడిచింది, ఒకాయన ఖాళీగ కూసున్నడు. మొదటిది రెండో ఆయనకు ఇచ్చి ఉంటే రెండు నడుస్తుండె.

కనవడ్డోనికి కనవడ్డట్టు ఇచ్చుకుంట పోయే పద్ధతికి గణితమోళ్లు గ్యారంటీ లెక్కగట్టిండ్రు. ముందే అంత తెలిసినోడు పంచితే వంద కుదిరే కాడ, ఎంత చెడ్డ రోజైనా ఈ పద్ధతికి యాభైకి తగ్గవు. యాభైకి మించి గ్యారంటీ గూడ లేదు.

సగం కంటె మంచిగ చేసే తోవ 1990ల దొరికింది. రిచర్డ్ కార్ప్, ఉమేష్ వజిరాని, విజయ్ వజిరాని ముగ్గురు కలిసి రాసిన పేపర్ అది. వజిరానీలు ఇద్దరు అన్నదమ్ములు, మన దేశమోళ్లే. వాళ్లు చెప్పిన తోవ ఇంటే మన అడ్డా పెద్దమనుషులు నవ్వుతరు, అంత అలకది. పొద్దుగాల పని మొదలు గాకముందే అందరి పేర్ల మీద చిట్టీలెయ్యాలె. వచ్చిన వరసను దినమంత మార్చొద్దు. ఆర్డర్ రాంగనే, దానికి పోగలిగి ఖాళీగ ఉన్నోళ్లల్ల ఎవని చిట్టి ముందుంటే వానికియ్యాలె. గంతే. ఎంత చెడ్డ రోజైనా సగటున వందకు 63 కుదురుతయి. ఇంకో ఇచ్చిత్రం, ఆర్డర్ వచ్చినప్పుడల్ల కొత్తగ చిట్టీలేస్తే లాభం లేదు, గ్యారంటీ మళ్ల సగం కాడికే వస్తది. పొద్దుగాల ఒక్కపారి ఏసి దానికే కట్టువడాలె. రేపటి ముచ్చట ఏం తెల్వనప్పుడు 63ను దాటే గ్యారంటీ ఏ పద్ధతీ ఇయ్యలేదని గూడ వాళ్లే నిరూపించిండ్రు.

చిట్టి అంటె మొఖం సూడదు, ఊరు సూడదు, సుట్టరికం సూడదు. గణితం తనకు తానుగ ఆడికి వచ్చిందన్న సంగతి చదివి నేను ఒక్క ఘడియ ఆగిన.

పదిహేనేండ్లు ఆ పేపర్ సదువుకున్నోళ్ల నడుమనే తిరిగింది. గూగుల్ అసొంటి కంపెనీలు వెతుకులాట పక్కన ప్రకటనలు అమ్ముడు మొదలువెట్టినంక దానికి గిరాకీ వచ్చింది. 2005ల అరణ్యక్ మెహతా, అమీన్ సబేరి, వజిరాని అన్నదమ్ములు కలిసి ఇంకో పేపర్ రాసిండ్రు. ఈడ వచ్చే సరుకు ఏందంటె జనం కొట్టే వెతుకులాట. కొనేటోళ్లు దుకాణాలోళ్లు. ప్రతి దుకాణం ఒక్కో మాటకు ఇంత ఇస్త అని పాట పాడుతది, దినానికి ఇంతకు మించి వెట్ట అని హద్దు వెట్టుకుంటది.

మన పత్తర్‌గట్టి, లాడ్‌బజార్లతోనే చెప్త. ఒక దుకాణం గాజులు, ముత్యాలు రెండు అమ్ముతది. ఇంకొకటి గాజులు మాత్రమే. ఇద్దరు గూడ ఒక్కో వెతుకులాటకు రూపాయి ఇస్తమన్నరు, దినానికి వంద రూపాయలు హద్దు. పొద్దుగాల వంద మంది "గాజులు" అని వెతికిండ్రు. యాప్ గుడ్డిగ అన్ని మొదటి దుకాణానికే ఇచ్చింది. దాని వంద అయిపోయింది. పగటాల్ల వంద మంది "ముత్యాలు" అని వెతికిండ్రు. ముత్యాల దుకాణం జేబు ఖాళీ, గాజుల దుకాణం జేబుల వంద అట్లనే ఉన్నా దానికి ముత్యాలతో పనిలేదు. కంపెనీకి వచ్చింది 100. అదే పొద్దుగాల ఇద్దరికి సగం సగం పంచి ఉంటే, ముత్యాల టైంకు ఇంకో 50 రూపాయలు మిగిలేటియి, కంపెనీకి 150 వచ్చేది. రేపు ఏమొస్తదో తెల్వనప్పుడు సమానంగ పంచుడే ఎక్కువ సంపాయిస్తది.

ఒక్కొక్కలు ఒక్కో రేటు పాడితె ఎట్ల? దానికి గూడ సూత్రం ఉంది. పాడిన రేటును ఒక్కదాన్నే సూడొద్దు, జేబుల ఇంక ఎంత మిగిలిందో దాన్ని వట్టి బరువు ఇయ్యాలె. జేబు నిండుగుంటె రేటును 0.63తో గుణించాలె. సగం మిగిలితె 0.39తో. పదో వంతే మిగిలితె 0.095తో. పది రూపాయలు పాడినోని జేబు సగమైందనుకుందాం, వాని లెక్క 3.9 అయితది. ఏడు రూపాయలే పాడిండు గని జేబు నిండుగున్నోని లెక్క 4.4. ఏడు పాడినోడే గెలుస్తడు. ఒక్కో పాట చిన్నది, బడ్జెట్ పెద్దది అయిన కాడ ఈ పద్ధతి గూడ 63 శాతానికి తగ్గది.

ఇది దానధర్మం అని ఎవలు అనుకోవద్దు. కంపెనీ తన రాబడి కోసమే చేస్తది. గని ఈడ ఒకటి పట్టుకోవాలె. కిరాయిలు, ఆర్డర్లు సమానంగ పంచండ్రి అని మనోళ్లు అడిగినప్పుడల్ల "అట్ల చేస్తె సిస్టం నష్టపోతది, కస్టమర్ ఎదురు సూడాలె" అన్న మాట మనం ఇంటనే ఉన్నం. ఆ మాట ప్రతిసారి నిజం కాదు. వాళ్ల సొంత ధంద గణితమే చెప్తుంది, ముందల ఏమున్నదో తెల్వనప్పుడు అందరిని బతికిచ్చుకునుడే తెలివి అని. దుకాణపోని జేబు సాయంత్రం దాక నిలవాలని సూత్రం రాస్తరు. ఆటో అన్న దినం సాయంత్రం దాక నిలవాలని ఎందుకు రాయరు? ఆ సూత్రంల "జేబుల మిగిలిన బడ్జెట్" అన్న కాడ "ఇయ్యాల ఇంక కూలి వడాల్సిన గంటలు" అని రాయనీకి అడ్డమొచ్చే గణితమేం లేదు. అయితే కాగితం నెత్తిన ఏం రాసిండ్రన్నదే అసలు ముచ్చట. "కంపెనీ మొత్తం రాబడి పెంచాలె" అని రాస్తె లెక్క ఒక దిక్కు పోతది. "పొద్దుగాల నుంచి తక్కువ వడ్డోనికి ముందు పడాలె" అని గూడ కింద రాస్తె ఇంకో దిక్కు పోతది. కాగితం నెత్తిన ఏం రాయాల్నో మాత్రం గణితం చెప్పది, మనిషి కూసొని నిర్ణయం చేస్తడు. ఆ కూసునే రూంల డ్రైవర్ లేడు.

అడ్డా మీద న్యాయం పారుతుండెనని నేను అంటలేను. మేస్త్రీ కులం సూస్తడు, వయసు సూస్తడు, ఆడమనిషికి తక్కువ రేటు అంటడు. ఆటో స్టాండుల వరస నంబరు ఉంటది గని కొత్తోణ్ణి ఆ వరసలకు రానియ్యరు. గీ తప్పులన్ని కండ్లకు కనవడే తప్పులు. మేస్త్రీ గల్ల వట్టి అడగొచ్చు, స్టాండు పెద్దమనిషి ఇంటి ముందల లొల్లి పెట్టొచ్చు. ఫోన్ మోగకపోతె ఎవని గల్ల వడ్తం?

ఇగ రెండో ముచ్చట, తెల్వనితనం. ఇప్పటి దాక చెప్పిన లెక్క మొత్తం "రేపటిది ఎవలకు తెల్వది" అన్న షరతు మీద నడుస్తది. నిజంగ కంపెనీకి ఏం తెల్వదా? లక్షల సవారీలు వాళ్ల మిషన్ల రాసి ఉన్నయి. శుక్రవారం నమాజ్ అయినంక మక్కా మసీదు కాడ కెల్లి గిరాకీ ఎటు లేస్తది, రంజాన్ రాత్రులు చార్మినార్ చుట్టూ ఎన్ని గంటల దాక నడుస్తది, మాధాపూర్ల ఆఫీసులు ఇడిసే టైం ఏంది, ఇవన్ని పాత లెక్కల కెల్లి తీయొచ్చు. రేపు ఎసొంటి గిరాకీ ఎంత వస్తదో పాత లెక్కలను వట్టి అంచనా ఉంటే, సగటున 63 శాతాన్ని దాటొచ్చని 2009ల ఫెల్డ్‌మన్, మెహతా, మిర్రోక్ని, ముత్తుకృష్ణన్ అనే నలుగురు నిరూపించిండ్రు. ఆ దాటిన భాగం యాడికెల్లి వచ్చింది? ఎండల వానల బండ్లు నడిపి ఆ పాత లెక్కలు తయారు చేసింది డ్రైవర్లే గదా. వాళ్ల తిరుగుడు కెల్లి పుట్టిన ఎరుక వాళ్లకు చేరదు. ఉబర్ అయితే తన పేజీల తనే రాసుకుంది, ఒక్కో ఆర్డర్‌ను వచ్చినట్టే పంచకుండ కొన్ని సెకండ్లు ఆగి, చుట్టుపక్కల ఆర్డర్లు, బండ్లు అన్నిటిని కుప్ప చేసి ఒక్కపారి జత కలుపుతమని. అంటె కంపెనీ కొద్దిసేపు ఆగి ముందలిది సూసుకునే వీలు తనకు ఉంచుకుంది.

డ్రైవర్‌కు ఆ వీలు యాడిది? ఫోన్ మోగినంక ఒత్తనీకి ఉండేటియి గూడ సెకండ్లే. ఇది తీసుకోవాల్నా, ఇంకో మంచిది వస్తదా? దీని మీద గూడ గణితంల పాత ముచ్చట ఒకటుంది. వంద ఒకదానెనక ఒకటి వస్తయి, వదిలింది మళ్ల రాదు, అన్నిట్ల మంచిదాన్ని పట్టాలె అంటె, మొదటి 37ను ఊకె సూసి వదిలెయ్యాలె, ఆ తర్వాత వాటన్నిటి కంటె మంచిది రాంగనే పట్టాలె. ఇగ మనోడు 37 వదులుతడా? నాలుగు వదిలితెనే ఐదోది మోగదేమో అని గుండె కొట్టుకుంటది. ఆ భయం నిజమా, ఉత్తదా అన్నది గూడ వానికి ఎవలు చెప్పరు. మాధాపూర్ దాక పోతె తిరుగు గిరాకీ దొరుకుతదా, లేకుంటె ఇరవై కిలోమీటర్లు ఖాళీ బండి నడుపుకుంట యాకుత్‌పురకు రావాల్నా అన్నది యాప్ అంచనా వెయ్యగలది. బండి నడిపేటోడు ఎయ్యలేడు. ఎంజీబీఎస్ కెల్లి చాంద్రాయణగుట్టకు 7.5 కిలోమీటర్ల మెట్రోకు 2024 మార్చిల ఫలక్‌నుమాల శంకుస్థాపన చేసిండ్రు. అది వచ్చేదాక పాతబస్తి జనానికి ఆటోనే మెట్రో, నడిపేటోనికి ఖాళీ తిరుగుడే ఖర్చు.

ఒక చేదు సంగతి గూడ చెప్పాలె. 2022 ఆగస్టుల హైదరాబాద్‌ల ఒక కస్టమర్ తిండి ఆర్డర్ మీద, ముస్లిం డెలివరీ మనిషి వద్దు అని రాసిండు. యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్ దాన్ని బయటవెట్టి కంపెనీని నిలదీసిండు. ఆ మనిషి మొండోడు కాబట్టి రాసి దొరికిండు. రాయకుండ, తలుపు కాడ పేరు సూసి చుక్కలు తక్కువ ఇచ్చేటోని సంగతేంది? చుక్కలు ఇచ్చినప్పుడు కారణం అడగరు. ఆ చుక్కలు జత కలిపే లెక్కలకు పోతె, కస్టమర్ మనసుల ఉన్న విషం అంకె రూపంల పోతది, మళ్ల ఆర్డర్ తక్కువ పడుడు రూపంల తిరిగొస్తది. అప్పుడు పాతబస్తి పోరడు తనకు గిరాకీ ఎందుకు పడలేదో ఎన్నేండ్లు తిరిగినా తెలుసుకోలేడు. చుక్కలకు ఎంత బరువు ఇస్తున్రు అన్నది అందుకే మాకు కావాలె.

"ఇది వ్యాపార రహస్యం" అంటరు. గణితం రహస్యం కాదు, 1990 నుంచి బహిరంగంగనే ఉంది. దాచేది ఏందంటె ఏ అంకెకు ఎంత బరువు వేసిండ్రన్నది. ఆ దాచుడు గూడ అన్ని దేశాలల్ల చెల్లుత లేదు. బ్రిటన్ డ్రైవర్లు వేసిన కేసుల 2023 ఏప్రిల్ల ఆమ్‌స్టర్‌డాం అప్పీలు కోర్టు ఉబర్‌ను, ఓలాను డ్రైవర్లకు జవాబు చెప్పమన్నది. ఓలా ఒక్కో డ్రైవర్ మీద మోసం చేసే అవకాశం ఇంత అని ఒక మార్కు, సంపాదన మీద ఒక ప్రొఫైలు కట్టి పెట్టింది. అవి ఏంది, పని పంచుట్ల వాటిని ఎట్ల వాడుతున్రు చెప్పండ్రి అన్నది కోర్టు. ఓలా యాడిది? బెంగళూరుది. యూరప్ కోర్టుల తల వంచాల్సి వచ్చిన కంపెనీని, అదే ప్రశ్న చాంద్రాయణగుట్ట డ్రైవర్ అడిగితె కాల్ సెంటర్ల మిషన్ మాట్లాడుతది.

ఒక మాట ఒప్పుకోవాలె. లోపలి లెక్క మొత్తం బయట వెడితె దాన్ని ఆడుకునేటోళ్లు గూడ ఉంటరు. పది మంది కూడబలుక్కొని ఒక్కపారి యాప్ బంద్ చేసి, రేటు పెరిగినంక తెరిస్తె నష్టపోయేది దవాఖానకు పోయే ముసలామె. అందుకే నేను కోడ్ అంత గోడకు అతికించుమంటలేను. ప్రతి మనిషికి తన లెక్క తనకు ఇయ్యుమంటున్న. ఈ నెల నా చుట్టూ ఎన్ని ఆర్డర్లు వడ్డయి, నాకు ఎన్ని చూపెట్టిండ్రు, నేను వదిలినందుకు తర్వాత ఎన్ని తగ్గినయి, చుక్కల వల్ల ఎంత తగ్గినయి. ఇది ఇస్తె ఎవల రహస్యం పోదు.

మన రాష్ట్రంల ఈ పని మొదలు గాలేదని గాదు. 2023 డిసెంబర్ల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించిండు. 2025 ఏప్రిల్ల గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదాను ప్రజల ముందల వెట్టిండ్రు. రాజస్థాన్ 2023లనే చట్టం తెచ్చింది, కర్ణాటక 2025ల తెచ్చింది. మన ముసాయిదాల రిజిస్ట్రేషన్ ఉంది, సంక్షేమ నిధి ఉంది, మిషన్ తీసుకునే నిర్ణయాల గురించి కార్మికులకు చెప్పాలె అన్న మాట గూడ ఉంది. ఆ మాటనే నాకు ముఖ్యం. గని మాట ఒక్కటి ఉంటె చాలది. "చెప్పాలె" అంటె కంపెనీ ఇరవై పేజీల ఇంగ్లీషు కాగితం యాప్‌ల ఒక మూలకు వెట్టి, కింద "ఒప్పుకుంటున్న" అని బటన్ వెట్టి చేతులు దులుపుకుంటది. రూల్స్‌ల ఏం రాయాలంటె, తెలుగుల, ఉర్దూల, ఆ మనిషి సొంత అంకెలతోని, నెలకొకపారి చెప్పాలని రాయాలె. అడిగితె ఇన్ని దినాలల్ల జవాబు రావాలె, రాకుంటె జరిమానా ఇంత అని రాయాలె. బోర్డుల కార్మికుల తరఫున కూసునేటోళ్ల పక్కకు ఈ లెక్క చదవగలిగే ఒక మనిషిని ప్రభుత్వ ఖర్చుతోని ఇయ్యాలె. మన యూనివర్సిటీలల్ల ఆ పిల్లలకు కొదవ లేదు. నాకు ఈ పేపర్లు ఇడమరిచి చెప్పింది గూడ అసొంటోళ్లే.

యూనియన్ దోస్తులకు ఒక్క మాట. మీటింగ్‌లకు పోయినప్పుడు కిలోమీటర్‌కు ఎంత అన్న డిమాండు కింద దీన్ని గూడ రాసుకోండ్రి. కిలోమీటర్‌కు రెండు రూపాయలు పెంచి, దినానికి నాలుగు ఆర్డర్లు తగ్గిస్తె మన చేతికి వచ్చేదేం లేదు. రేటు చూపెట్టి గంటలు గుంజుకునుడు గుత్తేదార్ల కాలం సంది మనం చూస్తున్నదే. పొద్దుగాల ఎనిమిదింటికి యాప్ తెరిచినోడు రాత్రి ఎనిమిదింటికి మూసేలోపట ఎన్ని గంటలు గిరాకీ మీద ఉన్నడు, ఎన్ని గంటలు ఎదురుసూసిండు, ఆ ఎదురుసూపుకు పైస ఉందా లేదా? మొదటి మీటింగ్ల ఆఫీసరు ముందల పెట్టాల్సిన కాగితం అది.